గ్యాస్ కట్టేశానా, లేదా? ఇంటి పనుల్లో ‘ఎరుక’ గురించి

ఇంటికి తాళం వేసి, వీధి మలుపు దాటి, ఆటో ఎక్కాక గుర్తొస్తుంది: గ్యాస్ కట్టేశానా? ఆ అనుమానం వచ్చిందంటే ఇక కుదురుండదు. వెనక్కి వెళ్లి చూస్తే పొయ్యి ఆపే ఉంటుంది, రెగ్యులేటర్ కూడా తిప్పే ఉంటుంది. చెయ్యి తన పని తాను చేసేసింది. ఆ క్షణంలో మనసు మాత్రం వంటింట్లో లేదు. పిల్లవాడి ఫీజు దగ్గరో, నిన్న ఆఫీసులో ఎవరో అన్న మాట దగ్గరో ఉంది.

మైండ్‌ఫుల్‌నెస్ (చేస్తున్నది చేస్తుండగానే తెలుస్తూ ఉండడం, ఎరుక) అనే మాట విన్నప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది ఈ గ్యాస్ సంగతే. ఈ మధ్య ఆ మాట చాలా వినిపిస్తోంది. ఐక్యరాజ్యసమితి 2024 డిసెంబరులో తీర్మానం చేసి, డిసెంబరు 21ని ప్రపంచ ధ్యాన దినోత్సవంగా ప్రకటించింది. ఫోన్ యాప్‌లు, స్కూళ్లు, కంపెనీల ట్రైనింగులు, అన్నిచోట్లా అదే మాట. మాట పాకిన కొద్దీ అర్థం చెదిరిపోయింది. కొందరికి అది కళ్లు మూసుకుని కూర్చోవడం. కొందరికి ఏకాగ్రత. ఇంకొందరికి టెన్షన్ తగ్గించుకునే చిట్కా. మతానికి సంబంధించిందేమో అని దూరంగా ఉండేవాళ్లూ ఉన్నారు. ఇంట్లో, రోజువారీ పనుల మధ్య ఇది అసలు ఎలా ఉంటుందన్నది ఈ గందరగోళంలో మరుగున పడిపోతోంది.

## ‘జ్ఞాపకం’ అనే అర్థమున్న మాట

ఇంగ్లిష్ మాట వెనక, పాత బౌద్ధ గ్రంథాల భాష అయిన పాళీ మాట ఒకటి ఉంది: సతి. భార్య అనే అర్థంలో మనం వాడే సతి కాదిది. సంస్కృతంలో దీనికి సమానమైన మాట స్మృతి, అంటే జ్ఞాపకం. శ్రీలంకలో ఉద్యోగం చేసి పాళీ నేర్చుకున్న బ్రిటిష్ పండితుడు టి.డబ్ల్యూ. రైస్ డేవిడ్స్ 1881లో బౌద్ధ సుత్తాలను (బుద్ధుడి బోధనల పాఠాలను) అనువదిస్తూ సతికి ‘మైండ్‌ఫుల్‌నెస్’ అని రాశారు. అదే నిలిచిపోయింది. జ్ఞాపకం అనే అర్థం ఇంగ్లిష్‌లో పలచబడి, ‘ఇప్పుడు, ఇక్కడ’ అన్న భాగం ముందుకొచ్చింది. కానీ ఆ పాత అర్థమే గ్యాస్ సంగతిని బాగా వివరిస్తుంది. చేస్తున్నప్పుడు తెలియనిది, తర్వాత గుర్తుండదు.

తెలుగులో దీనికి నాకు నచ్చిన మాట ఎరుక. ధ్యాస కూడా దగ్గరి మాటే. దీనికి ఎదురుగా మన దగ్గర రెండు చక్కటి మాటలున్నాయి. ఒకటి పరధ్యానం: ధ్యానం లేకపోవడం కాదు, అది వేరేదాని మీద ఉండడం. రెండోది ఏమరుపాటు.

ఏమరుపాటుకి సంస్కృతంలో అసలు మాట ప్రమాదం. ఇవాళ మనకు ప్రమాదం అంటే యాక్సిడెంట్, ముప్పు. మొదటి అర్థం మాత్రం పరాకు, ఏమరుపాటు. ‘ప్రమాదో ధీమతామపి’ అని పెద్దవాళ్లు అనేది ఆ అర్థంలోనే: ఎంత తెలివైనవాళ్లయినా ఒక్కోసారి పరాకు పడతారని. ఆ ప్రమాదం లేకపోవడమే అప్రమత్తత. బుద్ధుడి చివరి మాటలుగా పాళీ గ్రంథాలు చెప్పేది ‘అప్పమాదేన సంపాదేథ’, అంటే అప్రమత్తంగా ఉండి సాధించండి అని. తుఫాను వచ్చినప్పుడల్లా టీవీలో ‘తీరప్రాంత ప్రజలు అప్రమత్తంగా ఉండాలి’ అని వింటుంటాం కదా, అదే మాట. మైండ్‌ఫుల్‌నెస్ మనకు బయటినుంచి వచ్చిన కొత్త వింతగా అనిపిస్తే, ఈ మాటలను ఒకసారి తలుచుకోవాలి.

ఇక ఏకాగ్రతకూ ఎరుకకూ తేడా. పోపు పెడుతున్నప్పుడు చూపంతా బాండీలోని ఆవాల మీదే ఉంటే అది ఏకాగ్రత. ఆవాలు చిటపటలాడుతున్నాయని, పక్క పొయ్యి మీద పాలు పైకొస్తున్నాయని, హాల్లోంచి మూడోసారి పిలుస్తున్నందుకు తనకు చిరాకు మొదలైందని, ఇవన్నీ జరుగుతుండగానే తెలుస్తూ ఉంటే అది ఎరుక. మొదటిది చూపును ఒకచోట నిలబెడుతుంది. రెండోది చూపు ఎక్కడుందో చెబుతుంది.

## సుత్తం నుంచి ఆసుపత్రికి, అక్కడి నుంచి సింకు దగ్గరికి

సతిపట్ఠాన సుత్తం ఎరుకకు నాలుగు చోట్లు చెబుతుంది. శరీరం, అనుభూతి (హాయిగా ఉందా, బాధగా ఉందా, రెండూ కాదా అన్నది), చిత్తం, ధమ్మాలు. నాలుగోదాన్ని తేలిక మాటల్లో చెప్పాలంటే, మనసు పనిచేసే తీరుతెన్నులు. శరీరం గురించి చెప్పేచోట ఆశ్చర్యం కలిగించేంత మామూలు పనులు కనిపిస్తాయి: ముందుకు నడవడం, వెనక్కి రావడం, చెయ్యి చాచడం, తినడం, తాగడం, నమలడం, మలమూత్ర విసర్జన, మాట్లాడడం, ఊరుకోవడం. అంటే రోజువారీ పనుల్లో ఎరుక అన్నది ఈ కాలం వాళ్లు సులువు కోసం కలిపింది కాదు, మూలంలోనే ఉంది. అయితే అది సన్యాసులకు చెప్పింది. వాళ్లకు అన్నం వండాల్సిన పని లేదు, పిల్లలను స్కూలుకు పంపాల్సిన పని లేదు. ఆ తేడా చిన్నది కాదు.

అమరావతి, నాగార్జునకొండ ఉన్న నేలకు ఈ సంప్రదాయం పరాయిది కాదు. మధ్యలో శతాబ్దాల పాటు మరుగున పడింది. బర్మాలో పుట్టి పెరిగిన ఎస్.ఎన్. గోయెంకా 1969లో భారత్‌కు వచ్చి విపశ్యన అనే ధ్యాన పద్ధతి శిబిరాలు మొదలుపెట్టారు. హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డు మీదున్న ధమ్మఖేత్త ఆ సంప్రదాయపు కేంద్రమే. అక్కడ పది రోజులు మౌనంగా కూర్చుంటారు. ఇంటి పనుల్లో ఎరుకకు అది పునాది కావచ్చు గానీ, రెండూ ఒకటి కావు.

ఇవాళ యాప్‌లలో కనిపించేది ఇంకో దారిలో వచ్చింది. అణుజీవశాస్త్రంలో డాక్టరేట్ చేసిన జాన్ కబాట్-జిన్ 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రంలో ఇవాళ ఎనిమిది వారాలుగా నడిచే కార్యక్రమాన్ని మొదలుపెట్టారు. మందులతో తగ్గని దీర్ఘకాలపు నొప్పులవాళ్లు, ఒత్తిడితో నలిగినవాళ్లు వచ్చేవారు. మతం మాట ఎత్తలేదు. ఒక ఎండుద్రాక్షను చేతిలో పెట్టి, చూసి, వాసన పీల్చి, నెమ్మదిగా నమలమనేవారు. ఆయన నిర్వచనం సారాంశం ఇది: కావాలని, ఈ క్షణంలో, మంచి చెడ్డల తీర్పు ఇవ్వకుండా గమనించడం. దాదాపు అదే కాలంలో వియత్నాం భిక్షువు తిచ్ నాట్ హాన్ ఫ్రాన్సులో ఉంటూ, అంట్లు తోమేటప్పుడు అంట్లు తోమడమే పనిగా తోమమని గృహస్థులకు బోధించారు. సింకు ముందు నిలబడి సాధన చేయడం అన్న ఆలోచన ఎక్కువమందికి చేరింది ఆయన వల్లే.

## పది నిమిషాల అంట్లలో ఏం జరుగుతుంది

బయటినుంచి చూస్తే ఏమీ జరగదు. లోపల ఇలా నడుస్తుంది. నీళ్లు చల్లగా చేతికి తగిలాయి. కుక్కర్ అడుగున పప్పు మాడింది. పీచుతో రుద్దుతుంటే, పప్పు ఎందుకు మాడిందో గుర్తొచ్చింది: అత్తయ్య ఫోన్ చేశారు. ఫోన్లో ఆవిడ అన్న మాట గుర్తొచ్చింది. దానికి తాను చెప్పి ఉండాల్సిన జవాబు తోచింది. జవాబుకి ఆవిడ ఏమంటారో, దానికి మళ్లీ ఏమనాలో కూడా సిద్ధమైంది. ఈలోపు మూడు గిన్నెలు, నాలుగు గ్లాసులు అయిపోయాయి, అవి ఎప్పుడు తోమిందో తెలియదు. ఉన్నట్టుండి తెలిసింది: అరె, నేనిక్కడ నిలబడి అత్తయ్యతో పోట్లాడుతున్నాను. నీళ్లు మళ్లీ చేతికి చల్లగా తగిలాయి.

ఇందులో ఎరుక ఎక్కడుంది అని అడిగితే, మొదట్లో నీళ్లు చల్లగా తగిలినప్పుడు అని చాలామంది చెబుతారు. నిజానికి ఆ ‘అరె’ దగ్గర ఉంది. మనసు తప్పిపోవడం సాధన చెడిపోవడం కాదు. తప్పిపోయిందని తెలియడమే సాధన. పది నిమిషాల్లో ఇరవైసార్లు తప్పిపోయి ఇరవైసార్లు తెలిస్తే, ఆ పది నిమిషాలూ వృథా కాలేదు. చెదిరిన ధ్యాసను మళ్లీ మళ్లీ వెనక్కి తెచ్చుకునే శక్తే వివేకానికి, వ్యక్తిత్వానికి మూలమని మనస్తత్వవేత్త విలియం జేమ్స్ 1890లోనే రాశారు.

‘తీర్పు ఇవ్వకుండా’ అన్న ముక్క కూడా ఇక్కడే అర్థమవుతుంది. అత్తయ్య అన్నది సరైనదే అని ఒప్పుకోమని కాదు. ‘ఛ, మళ్లీ మొదలుపెట్టాను, నా వల్ల కాదు’ అని తనను తాను తిట్టుకోవడం ఇంకో ఆలోచన, దాని వెంట పడితే మరో రెండు గిన్నెలు తెలియకుండా వెళ్తాయి. అంతకు మించి ఆ ముక్కలో తత్వమేమీ లేదు.

మనసు ఇలా తిరగడం ఎవరో కొందరి బలహీనత కాదు. హార్వర్డ్ పరిశోధకులు కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ 2010లో ప్రచురించిన అధ్యయనంలో 2,250 మందిని ఫోన్ యాప్ ద్వారా రోజులో ఎప్పుడు పడితే అప్పుడు అడిగారు: ఇప్పుడు ఏం చేస్తున్నారు, మనసు దాని మీదే ఉందా, ఎలా ఉన్నారు? 46.9 శాతం సందర్భాల్లో మనసు చేస్తున్న పని మీద లేదు. అలా లేనప్పుడు జనం సగటున తక్కువ సంతోషంగా ఉన్నారు. ఇందులో ఒక మెలిక ఉంది. హాయైన విషయాల వైపు వెళ్లిన మనసు, పని మీదున్న మనసు కంటే ఎక్కువ సంతోషంగానూ లేదు, తక్కువగానూ లేదు. బాధపెట్టే విషయాల వైపో, హాయీ బాధా లేని మామూలు విషయాల వైపో వెళ్లినప్పుడే సంతోషం తగ్గింది.

## గ్యాస్, కంచం, ఎనిమిదో ఎక్కం

మొదటి ప్రశ్నకు వద్దాం. రోజూ చేసే పని అలవాటుగా మారడం మెదడు చేసే మేలు. ప్రతిసారీ నాబ్ ఎటు తిప్పాలో ఆలోచించాల్సి వస్తే ఇంకే పనీ సాగదు. కానీ అలవాటుగా చేసిన పనికి జ్ఞాపకంలో విడిగా గుర్తు పడదు. ఇవాళ్టి తిప్పడం, నిన్నటి తిప్పడం ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. తిప్పేటప్పుడు ఒక్క క్షణం మంట ఆరడం చూస్తే, ఆ రోజుకి ఒక గుర్తు పడుతుంది.

మరి రెండు మూడుసార్లు చూసుకుంటే ఇంకా మంచిదా? నెదర్లాండ్స్‌కు చెందిన వాన్ డెన్ హౌట్, కిండ్ట్ 2003లో ఒక ప్రయోగం ప్రచురించారు. కంప్యూటర్ తెర మీద గ్యాస్ పొయ్యిని కట్టి, సరిచూసుకోమని మళ్లీ మళ్లీ చేయించారు. అన్నిసార్లు చూసినవాళ్లకు అసలు జ్ఞాపకం తప్పలేదు. దాని మీద నమ్మకం, అందులోని స్పష్టత మాత్రం తగ్గాయి. అంటే ఎరుకతో ఒకసారి చూడడం, అనుమానంతో పదిసార్లు చూడడం పూర్తిగా వేరు. రెండోది అనుమానాన్నే పెంచుతుంది. తాళాన్ని, గ్యాస్‌ను గంటల తరబడి సరిచూసుకోకుండా ఉండలేని స్థితి జబ్బు కిందికి వస్తుంది. దానికి వైద్యుడి సాయం కావాలి.

తిండి దగ్గరా ఇదే జ్ఞాపకం పనిచేస్తుంది. కంచం ముందు పెట్టుకుని ఫోన్ చూస్తూ తింటే, పెరుగన్నంలోకి వచ్చాక గానీ కూరేమిటో గుర్తురాదు. పరాకుగా తినడం మీద జరిగిన 24 అధ్యయనాలను కలిపి 2013లో విశ్లేషించారు. టీవీ లాంటివి చూస్తూ తిన్నవాళ్లు అప్పుడు కొంత ఎక్కువ తిన్నారు, ఆ తర్వాతి తిండిలో ఇంకా ఎక్కువ తిన్నారు. ముందు ఏం తిన్నారో గుర్తు చేసినప్పుడు తర్వాత తక్కువ తిన్నారు. కడుపు నిండడంలో జ్ఞాపకానికీ వాటా ఉందన్నమాట. ముద్ద ముద్దకీ కళ్లు మూసుకుని ఆస్వాదించాలని దీని అర్థం కాదు. నలుగురూ కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ తినే భోజనాన్ని, మౌనం పేరుతో పాడు చేసుకోవాల్సిన అవసరం నాకు కనిపించదు.

మూడోది కష్టమైనది. రాత్రి ఎనిమిదింటికి నాలుగో తరగతి అబ్బాయికి ఎక్కాలు చెబుతున్నారు. ‘ఏడెనిమిదులెంత నాన్నా?’ ‘యాభై నాలుగు.’ మూడోసారీ అదే జవాబు. గొంతు పెరుగుతుంది. సుత్తం చెప్పిన నాలుగు చోట్లనూ ఇక్కడ పెట్టి చూడొచ్చు. శరీరం: దవడ బిగుసుకుంది, భుజాలు పైకి లేచాయి. అనుభూతి: బాగా లేదు. చిత్తం: కోపం. నాలుగోది, తీరు: ఈ కోపం యాభై నాలుగు మీద కాదు, సాయంత్రం ఆఫీసు నుంచి వెంట తెచ్చుకున్నది, వాడి మీదికి మళ్లుతోంది. ఇదంతా తెలిసినా అరిచే అవకాశం ఉంది. కానీ తెలిసి అరిస్తే రెండో వాక్యం దగ్గర ఆగడం సాధ్యం. తెలియకుండా అరిస్తే, పిల్లవాడి మొహం చూశాక గానీ ఆగరు. ఎరుక కోపాన్ని తీసేస్తుందని చెప్పేవాళ్లు ఎక్కువ చెబుతున్నారు. కోపం మొదలవడానికీ, అది మొదలైందని తెలియడానికీ మధ్య ఉన్న సమయాన్ని అది తగ్గిస్తుంది.

## ఫలితం ఎంత?

సరిగ్గా అంట్ల మీదే ఒక అధ్యయనం ఉంది. 2015లో ప్రచురితమైన ఈ ప్రయోగంలో అమెరికాలోని ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్లు 51 మంది విద్యార్థుల చేత గిన్నెలు కడిగించారు. ఒక జట్టు ముందుగా ఎరుక గురించిన భాగం చదివింది, ఇంకో జట్టు గిన్నెలు కడిగే పద్ధతి చదివింది. మొదటి జట్టులో కంగారు 27 శాతం తగ్గిందని, ఉత్సాహం, స్ఫూర్తి లాంటిది 25 శాతం పెరిగిందని రాశారు. వార్తల్లో ఇది బాగా తిరిగింది. అయితే 51 మంది, ఒక్కసారి, పైగా వాళ్ల ఇంటి గిన్నెలు కావు. దీని మీద పెద్ద భవంతి కట్టలేం.

గట్టి ఆధారాలున్నది కబాట్-జిన్ ఎనిమిది వారాల శిక్షణ లాంటి, పద్ధతి ప్రకారం చేసే కార్యక్రమాలకు. 2014లో పరిశోధకుడు గోయల్ బృందం ధ్యాన కార్యక్రమాల మీద జరిగిన 47 ప్రయోగాలను, 3,515 మందిని కలిపి పరిశీలించింది. ఆందోళన, కుంగుబాటు, నొప్పి ఒక మోస్తరుగా తగ్గుతాయని తేలింది. నిద్ర, బరువు, తిండి అలవాట్ల మీద ప్రభావం ఉందనడానికి ఆధారం లేదు, లేదా చాలదు. వ్యాయామం, మందుల లాంటి చికిత్సల కంటే మెరుగని కూడా తేలలేదు. 2022లో వచ్చిన ఇంకో అధ్యయనంలో ఆందోళన రుగ్మతలున్న 276 మందిలో, ఎనిమిది వారాల శిక్షణ ఎస్సిటాలోప్రామ్ అనే మందుకు తీసిపోలేదు. వాళ్లు వారం వారం తరగతికి వెళ్లి, ఇంట్లో రోజూ ముప్పావుగంట సాధన చేయాలి. దీన్ని చూసి ఎవరూ సొంతంగా మందు మానేయకూడదు.

అదే 2022లో బ్రిటన్ నుంచి నిరాశ కలిగించే ఫలితం వచ్చింది. 8 వేలకు పైగా స్కూలు పిల్లలతో జరిగిన ప్రయోగంలో, టీచర్లు తరగతి మొత్తానికీ నేర్పిన మైండ్‌ఫుల్‌నెస్ మామూలు పాఠాల కంటే ఎక్కువ మేలేమీ చేయలేదు. చాలామంది పిల్లలు ఇంట్లో సాధన చేయనే లేదు. అడిగి నేర్చుకోవడానికీ, పీరియడ్‌లో కూర్చోబెట్టి నేర్పడానికీ తేడా అక్కడ బయటపడిందని నాకనిపిస్తుంది.

## ఒప్పుకోనివాళ్ల మాట

మొదటి అభ్యంతరం మనస్తత్వ పరిశోధకుల నుంచే. మనసు తిరగడం ఎప్పుడూ నష్టం కాదు. రేపటి ఏర్పాట్లు, పాత జ్ఞాపకాలు, ఉన్నట్టుండి తట్టే పరిష్కారాలు అన్నీ ఆ తిరుగుడులోనే వస్తాయి. బీరకాయ చెక్కు తీస్తూ కూతురి పెళ్లి గురించి కలలు కనే తల్లిని పట్టుకుని ‘బీరకాయ మీద ధ్యాస పెట్టు’ అనడంలో అర్థం లేదు. తిరుగుతున్నానని తెలిసి తిరగడం ఎరుకకు విరుద్ధమూ కాదు.

రెండోది కొందరు బౌద్ధుల నుంచి. బుద్ధుడు చెప్పిన అష్టాంగ మార్గంలో ఉన్నది సమ్యక్ స్మృతి (సరైన ఎరుక) ఒక్కటే కాదు, సరైన మాట, సరైన జీవనోపాధి కూడా ఉన్నాయి. నీతిని పక్కనపెట్టి ఎరుకను మాత్రం తీసుకెళ్తే, దొంగకూ అది పనికొస్తుందంటారు. కబాట్-జిన్ వైపు వాళ్ల జవాబు: ఆసుపత్రికి అన్ని మతాల వాళ్లూ, ఏ మతమూ లేనివాళ్లూ వస్తారు, నొప్పి తగ్గాలంటే ముందు దీక్ష తీసుకోమనలేం. రెండు మాటల్లోనూ నిజముంది.

ఇంకో హెచ్చరిక కూడా ఉంది. పెద్ద దెబ్బ తిన్నవాళ్లకు, హింసను అనుభవించినవాళ్లకు శరీరం వైపు ధ్యాస తిప్పగానే ఆ పాత భయం మొత్తం తిరిగి రావచ్చు. వాళ్లకు కళ్లు మూసుకుని కూర్చోవడం కంటే నడక, కూరలు తరుక్కోవడం లాంటివే నయమవుతాయి. ఒక్కోసారి ఏ సాధనా లేకుండా ముందు చికిత్స కావాలి.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది మరో విమర్శ. శాన్ ఫ్రాన్సిస్కో స్టేట్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ రొనాల్డ్ పర్సర్ లాంటివాళ్లు అనేది ఇది: ఒత్తిడి పుట్టించే పరిస్థితులను అలాగే ఉంచి, దాన్ని తట్టుకోవడం మీ మనసు పనే అని మనిషికి అప్పగిస్తున్నారు. ఆయన చెప్పింది ఆఫీసుల గురించి. మన ఇళ్లకు అది ఇంకా గట్టిగా తగులుతుంది. జాతీయ గణాంక కార్యాలయం 2019లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పనులు చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వాటికి వెచ్చించారు. అంట్లు ఎరుకతో తోమితే హాయిగా ఉంటుందన్న సలహా ఎవరి చెవిన పడుతుందో ఈ లెక్కే చెబుతుంది.

నిమిషాల్లోకి రాని పని ఇంకొకటి ఉంది. ఉదయం ఏడున్నరకు ఆమె దోసె తిరగేస్తూ, మామగారు బీపీ మాత్ర వేసుకున్నారా, టిఫిన్ బాక్సులో స్పూన్ పెట్టానా, ఇవాళ యూనిఫాం తెల్లదా, పాలవాడికి రేపు వద్దని చెప్పాలి అని తలుచుకుంటూ ఉంటుంది. దీన్ని పరధ్యానం అనడం అన్యాయం. అది ఇంటిల్లిపాది కోసం ఆమె ఒక్కతే మోస్తున్న జ్ఞాపకం, సతికి ఉన్న ఆ పాత అర్థమే. అవన్నీ వదిలేసి ‘ఈ క్షణంలో ఉండు’ అంటే, మాత్ర సంగతి ఎవరు గుర్తుంచుకుంటారు? మాత్రల డబ్బా కొడుకు బాధ్యతగా, టిఫిన్ బాక్సులు భర్త బాధ్యతగా మారిన ఇంట్లో, ఆ రెండూ ఆమె తలలోంచి దిగిపోతాయి. గ్యాస్ కట్టేటప్పుడు మంట ఆరడం చూడడానికి అంత చోటు దొరుకుతుంది.